నల్ల చాదోర్ రక్తపిశాచి: ప్రేమకథా, ఒట్టి నలుపు తెలుపు సోకా?

మెహదీపట్నం మ్యాట్నీ

కథంతా చెప్పేస్తున్నాను, చూడనివారు ఇక్కడే ఆగండి.

పోయిన శనివారం రాత్రి ఒక మిత్రుడి మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టరు పెట్టి 'ఎ గర్ల్ వాక్స్ హోమ్ అలోన్ ఎట్ నైట్' చూశాం. 2014లో వచ్చిన ఫార్సీ సినిమా. దర్శకురాలు అనా లిలీ అమీర్‌పూర్. 'బ్యాడ్ సిటీ' అనే ఊళ్లో రాత్రుళ్లు తల నుంచి కాళ్ల దాకా నల్ల చాదోర్ కప్పుకుని ఒక పేరులేని అమ్మాయి తిరుగుతుంటుంది. రక్తం తాగి బతికే పిశాచి. అదే ఊళ్లో అరాష్ అనే కుర్రాడు. అతని తండ్రి మత్తుమందుకు బానిస. మందు అమ్మేవాడు బాకీ కింద అరాష్ కారు లాక్కుంటాడు. ఆ అమ్మాయి వాణ్ని చంపుతుంది. ఆనక అరాష్ తండ్రినీ చంపుతుంది. అయినా చివరికి అరాష్, ఆమె ఒకే కారులో ఊరు విడిచిపోతారు. ఇదీ ప్రేమకథ అట.

తొమ్మిది మందిమి చూస్తే అయిదుగురు పొగిడారు, ముగ్గురు ఫోన్లు చూసుకున్నారు, ఒకాయన గురక పెట్టాడు. పొగిడినవాళ్లను అడిగాను: వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మాటలన్నీ రాస్తే ఒక పోస్టుకార్డు నిండదు కదా, ఏం చూసి ప్రేమించాడయ్యా? "ఆ ఫ్రేములు చూశావా" అన్నారు. చూశాను. పెళ్లి ఆల్బములోనూ మంచి ఫ్రేములు ఉంటాయి.

నలుపు తెలుపు, పాటలు, అరాష్ పెంచుకునే ఆ పిల్లి తీసేస్తే ఇందులో మిగిలేదేమిటో చెప్పండి. తెలుగులో ఎవరైనా ఇదే నిదానంతో తీసి ఉంటే మొదటి ఆటకే హాలు ఖాళీ అయ్యేది.

రాత్రి షిఫ్టు

ఆ తొమ్మిది మందిలో ఆడవాళ్లెందరు?

మెహదీపట్నం మ్యాట్నీ

ఇద్దరు. ఇద్దరూ పొగిడినవాళ్లే. అయితే?

రాత్రి షిఫ్టు

అయితే మీకు జవాబు ఆ మేడ మీదే ఉంది, మీరు అడగవలసిన వాళ్లను అడగలేదు.

నా ఆఫీసు రాయదుర్గంలో. ఆఖరి మెట్రో పట్టుకుని అమీర్‌పేటలో దిగేసరికి పదకొండు దాటుతుంది. అక్కడి నుంచి హాస్టలుకు ఏడు నిమిషాల నడక. ఆ ఏడు నిమిషాలూ ఫోను చెవికి ఆనించుకుని, "ఆఁ నాన్నా, సందు మొదట్లో ఉన్నాను, మీరు కనిపిస్తూనే ఉన్నారు" అంటూ నడుస్తాను. అవతల ఎవరూ ఉండరు. మా నాన్న ఖమ్మంలో నిద్రపోతుంటారు.

ఇప్పుడు సినిమా పేరు తెలుగులో చదవండి: ఒక అమ్మాయి రాత్రివేళ ఒంటరిగా ఇంటికి నడిచి వెళ్తుంది. ఈ మాట చెవిన పడితే ఆ తర్వాత ఏం వినవలసి వస్తుందో ఏ తల్లికైనా తెలుసు. దర్శకురాలు ఆ తర్వాతి మాటనే మార్చింది. అరాష్ తండ్రి వీధిలో నడుస్తుంటే అవతలి వైపున ఆమె నడుస్తుంది. ఆయన ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది. అడుగడుగునా పక్కకు చూసుకుంటూ నడిచే పని అక్కడ మగవాడికి పడింది. మా హాస్టలు గదిలో ఆరుగురం ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చూశాం. ఆ దృశ్యానికి చప్పట్లు కొట్టాం.

మన ఊళ్లో ఆడవాళ్లను వేధించేవారిని పట్టే పోలీసు షీ టీములు మొదలైంది కూడా 2014లోనే, అక్టోబరులో. ఏ సంబంధమూ లేదు, కానీ నాకు రెండూ కలిసే గుర్తొస్తాయి.

మెహదీపట్నం మ్యాట్నీ

సరేనమ్మా, అది పగ తీరిన రుచి. దాన్ని కాదనను. నేనడిగింది ప్రేమ గురించి.

దవాఖానా దారి

ప్రేమ మాట తర్వాత చూద్దాం. నన్ను పట్టుకున్నది చెవుల దగ్గర.

దీని అసలు పేరు 'దొఖ్తరీ దర్ షబ్ తన్హా బె ఖానె మీరవద్'. షబ్-ఎ-బరాత్ జరుపుకునే ఊరికి షబ్ అంటే రాత్రి అని వేరే చెప్పాలా? తన్హా అంటే ఒంటరి అని గజళ్లు విన్నవారందరికీ తెలుసు. ఖానె అంటే ఇల్లు. మన దవాఖానాలో, కార్ఖానాలో ఉన్నది అదే. రోజూ అంటాం కదా, ఆ 'రోజు' ఫార్సీ నుంచి వచ్చిందే. ఆమె కప్పుకున్న చాదోర్, మా అమ్మమ్మ చలికాలంలో ముసుగు తన్నే చద్దరు ఒకే మాట. 1880ల దాకా నిజాం సర్కారు కాగితాలు నడిచింది ఫార్సీలో, ఉర్దూ ఆ తర్వాత వచ్చింది. సబ్‌టైటిళ్లు చదువుకుంటూ పోతుంటే మధ్యలో ఒక్కో మాట, పరాయి ఇంట్లో మన పేరు చెక్కిన గిన్నె కనిపించినట్టు తగులుతుంది. డబ్బింగులో చూస్తే అది పోతుంది. ఫార్సీ సినిమా అని మీరన్నారు గానీ, హైదరాబాదుకు ఆ భాష పూర్తిగా పరాయిది కాదు.

షాలిబండ నుంచి

మా ఇంట్లో నల్లబట్ట రోజూ కనిపిస్తుంది కాబట్టి నేను మాట్లాడతాను. మొదట ఒక సవరణ. చాదోర్ వేరు, మన పాతబస్తీలో కనిపించే బురఖా వేరు. బురఖాకు చేతులుంటాయి, కుట్టు ఉంటుంది. చాదోర్ అర్ధచంద్రాకారంలో కత్తిరించిన గుడ్డ, అంతే. చేతులు లేవు, గుండీలు లేవు. తల మీద నుంచి వేసుకుని చేత్తో పట్టుకోవాలి. ముఖం బయటే ఉంటుంది.

పోస్టరు చూడగానే ఒళ్లు మండింది. నల్ల ముసుగు వేసుకున్న ఆడమనిషి అంటే భయపడండి అని చెప్పే బొమ్మలు మాకు కొత్త కాదు. పైగా ఇందులో ఒక్క దృశ్యమూ ఇరాన్‌లో తీసింది కాదు. కాలిఫోర్నియాలోని టాఫ్ట్ అనే చమురు బావుల ఊళ్లో తీశారు. దర్శకురాలి తల్లిదండ్రులు ఇరానీలు, ఆమె పుట్టింది ఇంగ్లండులో, పెరిగింది అమెరికాలో. దూరం నుంచి ఊహించుకున్న ఇరాన్ అది. ఈ అభ్యంతరం ఇప్పటికీ వదులుకోలేదు.

కానీ ఆమె ఒక పిల్లవాడి దగ్గర లాక్కున్న స్కేట్‌బోర్డు ఎక్కి ఖాళీ వీధిలో జారుకుంటూ వస్తుంది చూడండి. ఆ గుడ్డలోకి గాలి చేరి రెండు పక్కలా రెక్కల్లా విచ్చుకుంటుంది. లోపల చారల చొక్కా. దాక్కోవడానికో, దాచడానికో కాకుండా ఆ బట్ట ఆటలాడటం నేను తెర మీద ఇంకెక్కడా చూడలేదు. మా అమ్మకు ఆ ఒక్క ముక్క చూపించాను. "పడిపోతుందేమో పిల్ల" అంది.

గుడ్డిదీపం

నాకు అరవై దాటాయి. రక్తపిశాచులు మనవి కావు గానీ రాత్రి తలుపు తట్టే ఆడది మనదే. ఊరూరా గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసిన రోజులు మీలో కొందరికి గుర్తుండాలి. తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందని, పలికితే మగవాళ్లు పోతారని పుకారు. మా వీధిలో సుద్దతో ఆ రాత రాసింది నేనే. ఎంత మర్యాదో చూడండి, పొమ్మనలేదు, రేపు రమ్మన్నాం.

మన కథల్లో మోహిని ప్రేమ నటిస్తుంది, చంపుతుంది. ఈ అమ్మాయి నటించదు. అంతవరకు నాకు నచ్చింది. కానీ రాత్రి షిఫ్టు అమ్మాయీ, ఆమె చెడ్డవాళ్లనే శిక్షిస్తుందని చప్పట్లు కొట్టినట్టున్నారు. మరి ఆ స్కేట్‌బోర్డు పిల్లవాడు? మంచివాడిగా ఉంటావా లేదా అని కోరలు చూపించి బెదిరిస్తుంది. వాడేం చేశాడమ్మా? వాడికి జన్మలో నిద్ర పట్టదు.

రాత్రి షిఫ్టు

తాతగారూ, నిజమే. అక్కడ చప్పట్లు కొట్టలేదు, ఎవరం మాట్లాడలేదు.

ఇక ప్రేమ. అరాష్ ఆమెకు ఎదురుపడే రాత్రి అతను డ్రాక్యులా వేషంలో ఉంటాడు. వేషాల పార్టీ నుంచి మత్తులో తిరిగివస్తూ దారి తప్పి వీధి దీపాన్ని చూస్తూ నిలబడి ఉంటాడు. అబద్ధపు పిశాచిని నిజం పిశాచి స్కేట్‌బోర్డు మీద కూర్చోబెట్టి తోసుకుంటూ ఇంటికి తీసుకెళ్తుంది. గదిలో రికార్డు పెడుతుంది. వెనక నుంచి అతను ఒక్కో అడుగే దగ్గరవుతాడు. ఆమె తిరుగుతుంది. అతని తల మెల్లగా వెనక్కి వంచుతుంది, మెడ మొత్తం కనబడేలా. ఎంతసేపో. తర్వాత కొరకదు. అతని ఛాతీ మీద చెవి పెట్టి వింటుంది.

ఆకలి వేసినప్పుడు ఆగడమే అక్కడి ప్రేమ. మాటలు లెక్కపెట్టారు మీరు, ఆగిన క్షణాలు లెక్కపెట్టలేదు. నిదానం తీసేస్తే ఆ దృశ్యమే లేదు. అది వేగంగా నడిస్తే కొరికిందా లేదా అన్న సమాచారం మాత్రమే మిగులుతుంది.

మెహదీపట్నం మ్యాట్నీ

ఆమె వైపు నుంచి ఒప్పుకుంటున్నాను. ఆ దృశ్యం మళ్లీ వేసుకుని చూశాను, మొదటిసారి పాట మీద విసుగుతో సరిగా చూడలేదు.

అతని వైపు నుంచి మాత్రం ఒప్పుకోను. తన తండ్రితో పోయిన పిల్లి ఆమె ఇంట్లో కనిపిస్తుంది. అర్థమవుతుంది. కారు నడుపుతూ నడుపుతూ ఆపేస్తాడు, దిగుతాడు, దీపాల వెలుగులో అటూ ఇటూ తిరుగుతాడు, మళ్లీ ఎక్కి పోనిస్తాడు. ఒక్క మాట లేదు. తండ్రిని చంపిన మనిషి పక్క సీటులో ఉంటే మాట ఉండాలి కదా?

షాలిబండ నుంచి

మత్తుమందు, డబ్బు చేతిలో పెట్టి ఆ తండ్రిని ఇంట్లోంచి వెళ్లగొట్టింది అరాషే. ఆ కారు దిగి అతను ఆలోచించింది ఆమె గురించేనని ఎందుకు అనుకుంటున్నారు?

మేడ మీద నిద్రపోయినవాడు

పైన చెప్పిన గురక నాదే. ఎవరో నవ్వితే మెలకువ వచ్చింది. చూస్తే తెర మీద కారు ఆగి ఉంది, కుర్రాడు బయట తిరుగుతున్నాడు, పిల్లి ముందు సీట్లో ఉంది. పెట్రోలు అయిపోయిందనుకున్నాను. ఆ పిల్లి చూపు చూస్తే దానికి సంగతంతా తెలుసనిపించింది. ఈ శనివారం మళ్లీ వేస్తే వస్తాను, ఈసారి పగలు పడుకుని వస్తాను.