అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టుకు మగవాళ్లతో సమానంగా డబ్బివ్వడం న్యాయమేనా?

రమణ_ఫ్రిస్కో: సమాన జీతం కోసం కేసు వేసిన మహిళా క్రీడాకారిణులతో 2022లో అమెరికా సాకర్ (ఫుట్‌బాల్) సమాఖ్య 24 మిలియన్ డాలర్లకు రాజీపడింది. అదే ఏడాది ప్రపంచకప్ ప్రైజ్ మనీని కూడా రెండు జట్లూ కలిపి పంచుకోవాలని ఒప్పందం చేసుకున్నారు. ఖతార్‌లో మగవాళ్లు సంపాదించిన 13 మిలియన్లలో వీళ్లకూ వాటా వెళ్లింది. నాకిది అన్యాయంగా అనిపిస్తోంది. 2017లో మా ఊరి దగ్గరే ఈ జట్టు ఎఫ్‌సీ డాలస్ క్లబ్బు అండర్-15 అబ్బాయిల చేతిలో 5-2తో ఓడింది. మరి సమానం ఎలా అవుతారు?

లలిత_వరంగల్: రమణ గారూ, అది రష్యాతో మ్యాచ్‌కు ముందు ఆడిన ప్రాక్టీస్ ఆట. మీకు ఆ 5-2 గుర్తుంది కానీ 2015 ప్రపంచకప్ ఫైనల్లో జపాన్‌ను 5-2తో ఓడించింది గుర్తులేదు. కార్లీ లాయిడ్ పదహారు నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టింది. ఆ కప్పుకి వచ్చిన ప్రైజ్ మనీ 2 మిలియన్లు. అంతకు ముందు ఏడాది బ్రెజిల్‌లో ప్రీ క్వార్టర్స్‌లోనే ఇంటిముఖం పట్టిన మగ జట్టుకు 9 మిలియన్లు. ఇది కదా అన్యాయం?

కిరణ్77: అసలు ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఎవరు చూస్తారండీ?

గోదారి_సుధ: 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్ గూడిసన్ పార్క్‌లో డిక్ కెర్ లేడీస్ అనే మహిళా జట్టు ఆటకు 53 వేల మంది వచ్చారు, కిరణ్. మరుసటి ఏడాదే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో ఆడవాళ్లు ఆడకూడదంది. ఆ నిషేధం యాభై ఏళ్లు నడిచింది. జనం రాక ఆగిన ఆట కాదది, ఆపేసిన ఆట.

రమణ_ఫ్రిస్కో: లలిత గారూ, 2 మిలియన్లు, 9 మిలియన్లు ఇచ్చింది ఫిఫా, అమెరికా సమాఖ్య కాదు. 2020లో జడ్జి జీతాల వాదన కొట్టేశాడు కూడా. మగవాళ్ల తరహా కాంట్రాక్టు వద్దని, గ్యారంటీ జీతం కావాలని తీసుకున్నది వీళ్లే. మా ఆఫీసులోనూ ఇంతే. మా టీమ్ రాత్రీ పగలూ పనిచేసి ప్రాజెక్టు నిలబెడితే, బోనస్ మాత్రం ఫ్లోర్ మొత్తానికి పంచారు. ఇంతకీ అండర్-15 సంగతికి మీరు జవాబు చెప్పలేదు.

లలిత_వరంగల్: చెప్పాను, మీరే వినలేదు. నేను డిగ్రీలో ఖోఖో ఆడాను. అబ్బాయిలకు షూస్, ట్రాక్‌సూట్లు ఇచ్చారు. మేం టోర్నమెంట్ గెలిచి వచ్చినా బస్ చార్జీలు కూడా ఇవ్వలేదు. అడిగితే "మీ ఆటకు అంత ఖర్చెందుకమ్మా" అన్నారు. ఆ మాట ఇవాళ్టికీ మండుతుంది.

ఇందూరు_శ్రీను: ఇక్కడ ఎంతమందికి మా నిజామాబాద్ జిల్లా సౌమ్య గుగులోత్ తెలుసు? భారత జట్టుకు ఆడుతోంది. 2025 జూలైలో మన జట్టు థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు వెళ్లింది. దానిమీద ఒక్కరూ రాయలేదు.

రమణ_ఫ్రిస్కో: మీ ఖోఖోకీ దీనికీ సంబంధం లేదు. అసలు ఆ అమెరికా అమ్మాయిల పొగరు చూశారా? 2019 ప్రపంచకప్‌లో థాయ్‌లాండ్‌ మీద 13-0. ఆట ఎప్పుడో అయిపోయినా ఒక్కో గోల్‌కీ చిందులు! ఆ జట్టులోని మెగన్ రపీనో జాతీయగీతం వస్తుంటే మోకాలి మీద కూర్చుంది. 2023లో స్వీడన్‌పై ఆవిడ పెనాల్టీ బయటికి కొట్టినప్పుడు నాకు సంతోషం వేసింది. దాచుకోను.

లలిత_వరంగల్: అయితే మీ బాధ డబ్బు గురించి కాదన్నమాట! గెలిచిన ఆడది తల వంచుకుని ఉండాలి. ప్రత్యర్థి వికెట్ పడ్డప్పుడు కోహ్లీ అరిస్తే ముచ్చటపడతారు, వీళ్లు గోల్ కొట్టి గంతేస్తే తప్పా? గ్రూపు దశలో గోల్స్ తేడా లెక్కలోకి వస్తుంది, అందుకే కొడుతూనే ఉంటారు.

రమణ_ఫ్రిస్కో: కోహ్లీ జాతీయగీతాన్ని అవమానించలేదు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉన్నవాణ్ణి నేను. ఈ దేశంలో పుట్టి, ఈ దేశం జెర్సీ వేసుకునే అదృష్టం ఉన్నవాళ్లు అలా చేస్తే నాకు కడుపు రగులుతుంది. మగవాడు చేసినా ఇదే అంటాను.

లలిత_వరంగల్: ఆ బాధ అర్థమైంది, దాన్ని తప్పనను. కానీ ఆమె 2016లో కూర్చున్నది నల్లవాళ్ల పట్ల పోలీసుల తీరు మీద నిరసనగా. మరుసటి ఏడాది సమాఖ్య నిలబడాలని రూలు పెడితే నిలబడింది. ఆ రూలును 2020లో సమాఖ్యే ఎత్తేసింది. 2019లో కోర్టుకెళ్లింది 28 మంది. ఒకరి మీద కోపంతో అందరి జీతం తగ్గించాలా?

రమణ_ఫ్రిస్కో: సమాఖ్య ఇచ్చే జీతాలు సమానం చేసుకోమనండి, ఒప్పుకుంటా. ఫిఫా మగవాళ్లకిచ్చిన ప్రైజ్ మనీని పంచడం మాత్రం ఒప్పుకోను.

లలిత_వరంగల్: ఆ ఒప్పందం మీద మగ ఆటగాళ్ల యూనియన్ కూడా సంతకం పెట్టింది రమణ గారూ. డబ్బు వదులుకున్నది వాళ్లు. వాళ్లకు లేని అభ్యంతరం మీకెందుకో చెప్పండి.