మూర్ఛ: సోలిపోవడమా, ఉప్పొంగడమా?

మొదటి పోస్ట్:

నాడీకణాలు ఒకదానికొకటి కబురు ఎలా పంపుకుంటాయో, ఆ పరిశోధన వల్ల ఎపిలెప్సీ (మూర్ఛరోగం) గురించి ఏం తెలిసిందో చెప్పే వ్యాసం ఒకటి రాస్తున్నాను. సాఫీగానే నడిచింది కానీ ఒక్క వాక్యం దగ్గర ఇరుక్కుపోయాను. "మెదడులో వేలాది కణాలు మూకుమ్మడిగా చెలరేగడమే మూర్ఛ" అని రాశాను. మళ్లీ చదువుకుంటే నాకే అదోలా అనిపించింది. మనకు మూర్ఛ అంటే యుద్ధంలో లక్ష్మణుడు పడిపోవడం. కథల్లో దుర్వార్త విన్న రాణి సోలిపోవడం, చెలికత్తెలు పన్నీరు చల్లడం. దీపం ఆరినట్టుండే మాట అది. చెలరేగడం దాంట్లో ఎక్కడుంది?

వైద్యం ప్రకారం చూస్తే చిక్కు ఇంకా పెద్దది. సొమ్మసిల్లడం అంటే మెదడుకు కాసేపు రక్తం చాలకపోవడం. ఎపిలెప్సీలో వచ్చేది అందుకు ఎదురు: కణాలు అతిగా, అన్నీ ఒకేసారి పనిచేయడం. పక్కన నిలబడి చూసేవాళ్లకు రెండూ ‘పడిపోవడమే’ కాబట్టి ఒకే మాటతో సరిపెట్టేశాం. వేరే మాట ఉందా?

జవాబు:

ఇంత ఆలోచన ఎందుకండీ, ‘ఫిట్స్’ అని రాసేయండి. అందరికీ తెలిసిన మాట.

పోస్ట్ రాసినవారు:

ఫిట్స్ మీద నాకు కోపం లేదు. (ఒక్కసారి వచ్చినా ‘ఫిట్స్ వచ్చాయి’ అని బహువచనంలోనే అంటాం, గమనించారా?) కానీ ఆ మాట వినగానే కాళ్లూ చేతులూ కొట్టుకోవడం కళ్లముందు ఆడుతుంది. ఎపిలెప్సీలో ఆబ్సెన్స్ అనే రకం ఒకటుంది, అందులో అలాంటిదేమీ ఉండదు. మాట్లాడుతున్న పిల్ల మధ్యలో ఆగి, కొన్ని సెకన్లు అలా చూస్తూ ఉండిపోయి, ఏమీ జరగనట్టు మళ్లీ మాట అందుకుంటుంది. పరధ్యానం అనుకుని పెద్దవాళ్లు కోప్పడతారు. ఈఈజీ (మెదడులోని విద్యుత్తును గీతలుగా చూపే పరీక్ష) తీస్తే మాత్రం మెదడు రెండు వైపులా సెకనుకు సుమారు 3 చొప్పున అలలు, ఒకే తాళంలో. ఈ సంగతి 1935లోనే తేలింది. అలాంటి పిల్లకు ‘ఫిట్స్’ అని చెబితే తల్లి నమ్ముతుందా?

జవాబు:

అయితే ‘ఈడ్పు’ కూడా పనికిరాదన్నమాట. అది ఈడ్చు నుంచి వచ్చింది, కండరాలు లాగేయడం. తమిళంలో ‘వలిప్పు’ కూడా అంతే, వలి అంటే లాగు. ‘కాక్కాయ్ వలిప్పు’ అంటారు, కాకి ఈడ్పు! కాకి ఎందుకొచ్చిందో మరో రోజు మాట్లాడుకుందాం.

జవాబు:

‘అపస్మారం’ ఉండగా వెతుకులాట ఎందుకు? చరక సంహిత నిదానస్థానంలో నిర్వచనం చూడండి: "అపస్మారం పునః స్మృతిబుద్ధిసత్త్వసంప్లవాద్ బీభత్సచేష్టమావస్థికం తమఃప్రవేశమాచక్షతే." జ్ఞాపకం, బుద్ధి, మనసు కలతపడి, భయంగొలిపే చేష్టలతో, అప్పుడప్పుడు చీకట్లోకి వెళ్లిపోవడం. నటరాజు కాలికింద ఉన్నవాడి పేరు కూడా అపస్మారుడే.

పోస్ట్ రాసినవారు:

ఈ వాక్యం పంపినందుకు మీకు నమస్కారం. అందులో ‘ఆవస్థికం’ దగ్గర ఆగిపోయాను. ఎప్పుడూ ఉండేది కాదు, వచ్చి పోయేది అని. 1873లో హ్యూలింగ్స్ జాక్సన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు ఎపిలెప్సీకి ఇచ్చిన నిర్వచనం కూడా ‘అప్పుడప్పుడు’ అనే మాటతోనే మొదలవుతుంది: మెదడు బూడిదరంగు పదార్థంలో అప్పుడప్పుడు, హఠాత్తుగా, అతిగా, వేగంగా, ఒకచోట జరిగే ఉత్సర్గాలు (ఇంగ్లిష్‌లో డిశ్చార్జ్) అన్నాడు. మనిషి మెదడులోని విద్యుత్తును హాన్స్ బెర్గర్ మొదటిసారి నమోదు చేసింది 1924లో. అంటే జాక్సన్ చేతిలో ఏ యంత్రమూ లేదు, రోగుల వేళ్లూ పెదవులూ ఏ వరసలో వణుకుతున్నాయో చూసి ఊహించాడు.

కానీ అపస్మారం అంటే స్మృతి పోవడం. అన్నిటిలోనూ పోదు. మెదడులో చిన్న మేరకే పరిమితమైతే మనిషి పూర్తి స్పృహతో ఉంటాడు. తన చెయ్యి తన మాట వినకుండా కొట్టుకుంటుంటే చూస్తూనే ఉంటాడు, లేదా ఎక్కడా లేని వాసన వస్తోందంటాడు. ఆయనకు అపస్మారం అని ఎలా అంటాం?

జవాబు:

మాట సంగతి తర్వాత. కణంలో ఏం జరుగుతుందో ముందు మాలాంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. అప్పుడు పేరు మేమే పెడతాం.

పోస్ట్ రాసినవారు:

సరే. నాడీకణం ఊరికే ఉన్నప్పుడు దాని లోపలివైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ. కబుర్లు అందేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. ఒక గీత దాటగానే పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి, సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి. వెంటనే ఆ ద్వారాలు మూతపడతాయి, పొటాషియం బయటికి పోతుంది, కణం సర్దుకుంటుంది. ఇదంతా ఒకటి రెండు మిల్లీసెకన్ల పని. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నాడీతంతువు మీద ప్రయోగాలు చేసి 1952లో దీనికి సమీకరణాలు రాశారు. 1963లో నోబెల్ వచ్చింది.

తంతువు కొసకు వచ్చేసరికి చాలాచోట్ల విద్యుత్తు పని అయిపోయి రసాయనం పని మొదలవుతుంది. గ్లూటమేట్ అనే రసాయనం పక్కకణాన్ని ఎగదోస్తుంది. గాబా అనేది ఆపుతుంది. ఆపడం ఎంత ముఖ్యమో 1950ల మొదట్లో అమెరికాలో పసిపిల్లల వల్ల తెలిసింది. ఒక రకం డబ్బాపాలు తాగినవాళ్లలో కొందరికి మూర్ఛలు మొదలయ్యాయి. పాలను వేడిచేసేటప్పుడు బి6 విటమిన్ పాడైపోయిందని తేలింది, విటమిన్ ఇస్తే తగ్గిపోయాయి. గాబాను తయారుచేసే ఎంజైముకు బి6 కావాలి. ఇంకో చిత్రం, ఆ ఎంజైము గాబాను చేసేది గ్లూటమేట్ నుంచే. ఎగదోసేదానిలోంచే ఆపేది పుడుతుందన్నమాట.

జవాబు:

అంటే యాక్సిలరేటర్ ఎక్కువ, బ్రేకు తక్కువ. అంతేగా?

పోస్ట్ రాసినవారు:

నేనూ వ్యాసంలో అలాగే రాసి, ద్రావే సిండ్రోమ్ గురించి చదివాక కొట్టేశాను. షార్లెట్ ద్రావే 1978లో వర్ణించిన, పసితనంలోనే మొదలయ్యే మొండి ఎపిలెప్సీ అది. 2001లో దాని మూలం దొరికింది: చాలామందిలో ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో లోపం. ఆ జన్యువు తయారుచేసేది సోడియం ద్వారాన్నే. ద్వారాలు తగ్గితే కణాలు చల్లబడాలి, మూర్ఛలు తగ్గాలి కదా? జరిగేది వేరు. ఆ రకం ద్వారం మీద ఎక్కువగా ఆధారపడేవి గాబా వదిలే కణాలు. అల్లరిని ఆపాల్సిన పెద్దమనిషికే గొంతు పోయింది.

దీని ఫలితం మందుల దగ్గర కనిపిస్తుంది. ఫెనిటాయిన్ 1938 నుంచి ఉన్న మందు, మాటిమాటికీ తెరుచుకునే సోడియం ద్వారాలను పట్టి ఉంచుతుంది. చాలామందికి మేలు చేసింది. అదే తరహా మందు ద్రావే పిల్లలకు ఇస్తే మూర్ఛలు పెరగొచ్చు. ఎపిలెప్సీ ఒక్క జబ్బు కాదని కణం దాకా వెళ్లాకే ఇంత స్పష్టంగా తెలిసింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. మూర్ఛ 5 నిమిషాలు దాటితే అత్యవసరం అంటారు కదా, దానికీ కణంలో కారణం ఉంది. సాగేకొద్దీ గాబాను అందుకునే గ్రాహకాలు పొరమీద నుంచి లోపలికి వెళ్లిపోతాయి. ఆ గ్రాహకాల మీదే పనిచేసే మందుకు పట్టు తగ్గిపోతుంది. ఆలస్యం చేస్తే మందే వినదు.

జవాబు:

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. మూర్ఛను ఆరిపోవడం అని మీరందరూ తేల్చేశారు, పాణిని ధాతుపాఠం (సంస్కృత ధాతువుల పట్టిక) ఎవరూ తిరగేయలేదా? "ముర్ఛా మోహసముచ్ఛ్రాయయోః." ఈ ధాతువుకు అర్థాలు రెండు. మోహం, అంటే తెలివితప్పడం. సముచ్ఛ్రాయం, అంటే పైకి లేవడం, పెరగడం, ఉప్పొంగడం. సంగీతంలో ‘మూర్ఛన’ కూడా ఈ ధాతువు బిడ్డే, అక్కడ ఎవరూ స్పృహ తప్పరు (కచేరీ మరీ సాగితే తప్ప).

పోస్ట్ రాసినవారు:

ఇది చదివి కుర్చీలోంచి లేచానండీ. పక్కనున్నవాళ్లు చూసేది మోహం. ఈఈజీ గీతల్లో కనిపించేది సముచ్ఛ్రాయం.

జవాబు:

బాగుంది. ఇప్పుడు దీన్ని పట్టుకుని ‘పాణినికి ఈఈజీ తెలుసు’ అని వాట్సాప్‌లో తిప్పకండి, దండం పెడతాను. రెండు అర్థాలు ఉండటం భాష సంగతి. మూర్ఛరోగానికి ఆ పేరు పెట్టినవాళ్లు మొదటి అర్థంలోనే పెట్టారు.

పోస్ట్ రాసినవారు:

ఒప్పుకుంటాను, కాకతాళీయమే. అయినా మాటను ఉంచుకోవడానికి నాకు ఆ మాత్రం చాలు. వ్యాసంలో ఇలా చేస్తున్నాను: రక్తం చాలక పడిపోతే ‘సొమ్మసిల్లడం’. ఒక్కసారి వచ్చిపోయేది ‘మూర్ఛ’. మళ్లీ మళ్లీ వచ్చే తత్వం ఉంటే ‘మూర్ఛవ్యాధి’. ఒక్క మూర్ఛ వచ్చినంత మాత్రాన అందరికీ ఆ వ్యాధి ఉన్నట్టు కాదు, తీవ్రమైన జ్వరంలోనో రక్తంలో చక్కెర బాగా పడిపోయినప్పుడో కూడా రావొచ్చు, కాబట్టి ఈ తేడా చూపక తప్పదు. ‘మూకుమ్మడిగా చెలరేగడం’ అలాగే ఉంటుంది.

ఇక మిగిలింది జాక్సన్ గారి ‘ఉత్సర్గం’. పాఠ్యపుస్తకం వాసన కొడుతోంది. కణం ‘పేలింది’ అంటే బాంబు, ‘మండింది’ అంటే నిప్పు, ‘కాల్చింది’ అంటే తుపాకీ. ప్రస్తుతానికి ‘కణం మెరిసింది’ అని పెట్టాను. అంతకంటే మంచిది తడితే చెప్పండి, ఎల్లుండి పంపించేయాలి.