పాత అంబాసిడర్ ట్యాంకులో తుప్పు: లోపల కోటింగ్ వేయించాలా, వద్దా?

కాకినాడ మార్క్2:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2 కొన్నేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఈమధ్యే ఇంజన్ పని చేయించి రోడ్డెక్కించాం. ఊళ్లో బాగానే తిరుగుతుంది. హైవే ఎక్కి కాస్త స్పీడు అందుకోగానే దగ్గుతూ దగ్గుతూ ఆగిపోతుంది. ఓ పది నిమిషాలు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. కొత్త ఫిల్టర్ వేసిన వారానికే గోధుమరంగు బురదతో నిండిపోతోంది.

ఒక మెకానిక్ "ఎండకి పైపులో పెట్రోల్ ఆవిరై అడ్డుపడుతోంది, తడిగుడ్డ చుట్టండి" అన్నాడు. ఇంకొకాయన తుప్పేనని తేల్చాడు. యాసిడ్‌తో కడిగి లోపల ఎపాక్సీ కోటింగ్ (ఆరాక గట్టిపడే రసాయన పూత) పోసేస్తే ఈ జన్మలో మళ్లీ చూడక్కర్లేదట. మా బావ మాత్రం కోటింగ్ జోలికే పోవద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సికింద్రాబాద్ పద్మిని:
వేయించేయండి సార్, ఆలోచించకండి. నా ఫియట్‌కి వేయించి చాలా ఏళ్లయింది, ఫిల్టర్ ఇప్పటికీ అద్దంలా ఉంది. వద్దనేవాళ్లంతా చవక పని చేయించుకుని దెబ్బతిన్నవాళ్లే.

ఆటోనగర్ పాతకాపు:
పద్మిని గారూ, మీ బండి అదృష్టం మీది. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటి ట్యాంకులు విప్పుతూనే పెద్దవాణ్ణయ్యాను. కోటింగ్ వేసిన ట్యాంకు నా దగ్గరకొస్తే ముందు నాకే టెన్షన్.

కాకినాడ అన్నా, ముందు జబ్బు ఏంటో తేల్చుకోండి. తుప్పు పెచ్చులు ట్యాంకు అడుగున పడి ఉంటాయి. స్పీడులో పంపు గట్టిగా లాగేసరికి అవన్నీ వచ్చి పైపు మూతిని మూసేస్తాయి. ఇంజన్ ఆగితే లాగుడు ఉండదు కాబట్టి మళ్లీ కిందికి జారిపోతాయి. మీ పది నిమిషాల కథ అదే. ఆవిరి సమస్య కూడా చల్లబడితే సర్దుకుంటుంది, అందుకే జనం పొరపడతారు. తెల్లవారుజామున చల్లటి వేళ హైవే మీదికి తీసుకెళ్లండి. అప్పుడూ ఆగితే ఎండ మీద నెపం వేయడానికి లేదు. ఆగిన చోటే పంపు దగ్గర పైపు ఊడదీసి ట్యాంకు వైపు గాలి ఊదండి. ట్యాంకులో బుడబుడమని వినిపించి, పైపు బిగించగానే బండి కదిలితే అడ్డం ఆ మూతి దగ్గరే. ట్యాంకు మూత తీసినప్పుడు బుస్సుమంటే మాత్రం మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. అది పైసా ఖర్చు లేని పని.

ఇక కోటింగ్ సంగతి. ట్యాంకు లోపల పెట్రోల్ అటూ ఇటూ ఊగకుండా అడ్డుపలకలు ఉంటాయి. వాటి వెనక తుప్పు పోయిందా, జిడ్డు పోయిందా, తడి ఆరిందా అని చూసే దారి లేదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి మిగిలినా కోటింగ్ ఇనుముకు పట్టదు. కొన్నాళ్లకు పాల మీద మీగడలా పొరలు పొరలుగా లేస్తుంది. తుప్పు పొడినైతే ఫిల్టర్ ఆపుతుంది. ఈ పొర ఫిల్టర్ దాకా కూడా రాదు, నేరుగా పైపు మూతికే అతుక్కుంటుంది. దాన్ని తీయాలంటే ట్యాంకు కోయాల్సిందే.

ఆ "యాసిడ్" ఏంటో కూడా అడగండి. చాలాచోట్ల బాత్రూమ్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్, పోసేస్తారు. అది తుప్పుతోపాటు మంచి రేకునీ తింటుంది. కడిగిన కాసేపటికే లోపలంతా నారింజరంగు తిరుగుతుంది.

నేను చేసేది: పెట్రోల్ మొత్తం దించి, సబ్బునీళ్లతో జిడ్డు వదలగొట్టి, గుప్పెడు నట్లు వేసి ఇద్దరం పట్టుకుని ఊపుతాం. తర్వాత వేడినీళ్లలో నిమ్మఉప్పు కలిపి నింపి ఓ రోజు ఉంచుతాం. వంటసోడా నీళ్లతో పులుపు చంపి, స్పిరిట్‌తో కడిగి, వేడిగాలి కొట్టి ఆరబెడతాం. వెంటనే కాస్త ఆయిల్ కలిపిన పెట్రోల్ పోసి అంతటా తడిసేలా తిప్పుతాం. అంతే. పైపు మూతికి జల్లెడ, పంపుకి ముందు గాజు ఫిల్టర్ వేసి పంపిస్తాం.

కెమిస్ట్రీ మాస్టారు:
పాతకాపు గారు చెప్పిన పద్ధతికి వంక పెట్టలేను. ఆయన ఆపిన చోటే నా అభ్యంతరం.

ఆ కాలం పెట్రోల్ ట్యాంకుల్లో చాలావాటికి రేకు మీద సీసం, తగరం కలిసిన పలచటి పూత ఉండేది. తుప్పు పట్టిందంటే అక్కడ ఆ పూత పోయినట్టే. నిమ్మఉప్పుతో కడిగాక మిగిలేది ఉత్త ఇనుము. రోజూ తిరిగే బండైతే ఫర్వాలేదు. కాకినాడ సముద్రపు గాలిలో, సగం ఖాళీ ట్యాంకుతో, నెలల తరబడి నిలబడే బండి ఇది. రాత్రి చల్లబడినప్పుడు ట్యాంకు పైభాగంలో చెమ్మ పడుతుంది. అది పెట్రోల్ కన్నా బరువు కాబట్టి అడుక్కి దిగి కూర్చుంటుంది. ఏడాదికోసారి ట్యాంకు దించి నిమ్మఉప్పు పోస్తారా?

కాబట్టి నేను కోటింగ్ వైపే. కానీ ఏ కోటింగ్? మామూలు ఎపాక్సీ పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కి మెత్తబడొచ్చు. ఇథనాల్‌ని తట్టుకునే నోవొలాక్ రకం కావాలి. దానికి ముందు ఫాస్ఫారిక్ యాసిడ్ కడుగు కావాలి. అది ఇనుము మీద ఫాస్ఫేట్ పొర వదులుతుంది, కోటింగ్ దాన్ని పట్టుకుంటుంది. మీ మెకానిక్‌ని రెండే ప్రశ్నలు అడగండి: డబ్బా మీద ఇథనాల్ మాట ఉందా? పోశాక ఎన్నాళ్లు ఆరనిస్తావు? "రేపు సాయంత్రానికి బండి ఇచ్చేస్తా" అంటే దండం పెట్టి వచ్చేయండి.

రిటైర్డ్ డ్రైవర్:
ఇదంతా ఈ20 పెట్రోల్ (ఇరవై శాతం ఇథనాల్ కలిపినది) చలవే. మా రోజుల్లో ఈ తుప్పు గోల ఎక్కడుంది?

కెమిస్ట్రీ మాస్టారు:
అన్నీ దాని నెత్తినే వేయలేం సార్. ఈ20 మన బంకుల్లోకి రావడం మొదలైంది 2023లో. ఈ బండి తుప్పు అంతకన్నా పాతది. నిజానికి పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ దాదాపు అరశాతం దాకా నీటిని తనలో కలుపుకోగలదు. 40 లీటర్లకు ఓ 200 మిల్లీలీటర్లు. ఆ మేరకు నీళ్లు ఇంజన్లోకెళ్లి ఆవిరైపోతాయి. హద్దు దాటితేనే ఇబ్బంది: నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగున పొరకడతాయి. పైపు మూతి ఉండేదీ అక్కడే. ఇథనాల్‌తో ఇంకో చిక్కుంది. అది ట్యాంకులో ఎన్నో ఏళ్లుగా పేరుకున్న పాత జిగురుని కరిగిస్తుంది. ఇన్నాళ్లూ ఆ జిగురు పట్టి ఉంచిన తుప్పు ఒక్కసారిగా ఊడి వస్తుంది. మీకు ఈ20 వచ్చాకే తుప్పు వచ్చినట్టు అనిపించేది అందుకే.

డాలస్ తెలుగోడు:
ఇక్కడ కొన్ని బంకుల్లో ఇథనాల్ లేని పెట్రోల్ దొరుకుతుంది. అదే పోసినా నిలబెట్టిన పాత ట్రక్కుల ట్యాంకులు తుప్పు పడుతూనే ఉన్నాయి. మాస్టారితో ఏకీభవిస్తున్నా. కోటింగ్ మీద మాత్రం పాతకాపు గారి వైపే. పాత రకం కోటింగ్ కరిగి జిగటగా కార్బురేటర్ జెట్లలోకి చేరిన బండి స్వయంగా చూశాను.

సికింద్రాబాద్ పద్మిని:
పాత రకం కరిగితే కొత్త రకం తప్పా? ఇదేం న్యాయం?

ఆటోనగర్ పాతకాపు:
తప్పు అనలేదు తల్లీ. మాస్టారు చెప్పినట్టు ఓపిగ్గా చేసేవాడు దొరికితే వేయించుకోమనండి. నా సర్వీసులో అలాంటివాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కస్టమర్ ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే ఎపాక్సీ ఆరేదాకా ఎవడు ఆగుతాడు?

కాకినాడ మార్క్2:
అందరికీ థ్యాంక్స్. తెల్లవారుజామున వెళ్లి చూశాం, చల్లటి వేళ కూడా ఆగింది. ఇంటికొచ్చి ట్యాంకు ఖాళీ చేసి, పెట్రోల్ ఎంతుందో చెప్పే గేజ్ యూనిట్ విప్పి ఆ రంధ్రంలోంచి టార్చ్ వేసి చూశాను. పైన ఎర్రపొడి, అడుగున నల్లటి పెచ్చులు. పెచ్చు బయటికి తీసి అయస్కాంతం దగ్గర పెడితే ఠక్కున అతుక్కుంది. తర్వాత కింద అతుకు దగ్గర పెయింట్ ఉబ్బి కనిపిస్తే స్క్రూడ్రైవర్‌తో కాస్త నొక్కాను. మొన అలాగే లోపలికి దిగిపోయింది.

ఆటోనగర్ పాతకాపు:
అయితే మన గొడవ తీరిపోయింది. ఆ రేకుకి నిమ్మఉప్పూ వద్దు, కోటింగూ వద్దు.

కెమిస్ట్రీ మాస్టారు:
ఒకటే చిల్లు అయితే చుట్టూ మంచి రేకు దాకా కోసి, ముక్క అతికించి, అప్పుడు కోటింగ్ వేయొచ్చుగా? 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే అసలు రూపంలో ఉండాలి. ఒరిజినల్ ట్యాంకు అంత తేలిగ్గా పారేయకండి.

ఆటోనగర్ పాతకాపు:
డిక్కీ కింద నల్లగా దాక్కునే ట్యాంకుని ఎవరు చూస్తారు మాస్టారూ! అదే కొలతలతో, అదే మూతి చోటుతో కొత్తది కట్టిస్తే రూపం ఎక్కడికీ పోదు. అతుకు దగ్గర ఒక చిల్లు కనపడిందంటే ఆ వరసంతా పలచబడినట్టే.

అన్నా, పాతదాన్ని అతికించాలనే అనుకుంటే ఒక్క మాట. ఖాళీ ట్యాంకే ప్రమాదం. పెట్రోల్ లేకపోయినా ఆవిరి ఉంటుంది, నిప్పు తగిలితే బాంబే. మరిగే నీళ్లతో, ఆవిరితో బాగా కడిగాక, అతికే చోటు మాత్రం వదిలి మిగతాదంతా నీళ్లు నింపి చేసేవాడికే ఇవ్వండి. "పొద్దున్నుంచి ఎండలో పెట్టాం, ఏం కాదులే" అనేవాడికి ఇవ్వకండి.

కాకినాడ మార్క్2:
కొత్తది కట్టించడానికే మొగ్గుతున్నాను. పాతది కొలతల కోసం ఇస్తాను. పైపులు అవే వాడొచ్చా?

ఆటోనగర్ పాతకాపు:
ఇనుప పైపు కూడా మార్చేయండి, దాని లోపలా అదే తుప్పు ఉంటుంది. రబ్బరు ముక్కలు, పంపులోని డయాఫ్రమ్ (సాగే పొర) ఇథనాల్‌ని తట్టుకునే రకం తీసుకోండి. కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్ విప్పి అడుగున బురద తుడిచాకే కొత్త ట్యాంకు బిగించండి. మాస్టారు కొత్త ట్యాంకులో కూడా కోటింగ్ వేయమంటారేమో, ముందే అడిగేయండి.

కెమిస్ట్రీ మాస్టారు:
వేయమంటాను. కొత్త రేకు మీద అయితే మీక్కూడా అభ్యంతరం ఉండకూడదు.