అమ్మాయిల ఫుట్‌బాల్: ఆ సెకండ్ డివిజన్ వల్ల మన ఊళ్ళ పిల్లలకి ఉపయోగం ఉందా?

రాజోలు నాన్న:
నమస్కారం అండి అందరికీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఏడో తరగతి, రెండేళ్ళ నుంచి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. దాళ్వా కోతలయ్యాక చేలోనే రెండు కొబ్బరి మట్టలు పాతేసి గోల్ పోస్ట్ అంటది, వరి దుబ్బులు గుచ్చుకుని అరికాళ్ళు చీరుకుపోయినా నోరు విప్పదు, రాత్రి వాళ్ళమ్మ కొబ్బరినూనె రాస్తుంటే అప్పుడు తెలుస్తది మాకు. ఐడబ్ల్యూఎల్ (ఇండియన్ విమెన్స్ లీగ్, దేశంలో అమ్మాయిల పెద్ద లీగ్) కింద ఇంకో లీగ్ కూడా పెట్టారంట కదా, దానివల్ల మనలాంటోళ్ళకి ఏమన్నా దారి ఉందా? మా బావమరిదేమో కబడ్డీలో వేసెయ్ బావా, కోటాలో ఉద్యోగం వస్తది అంటున్నాడు. తెలిసినోళ్ళు చెప్పండి.

కాకినాడ మిడ్‌ఫీల్డర్:
దారి ఉందండి. ఐడబ్ల్యూఎల్ 2016-17లో మొదలైనప్పుడు జట్లన్నిటినీ ఒకే ఊరికి పిలిచి గబగబా ఆడించి పంపేసేవారు. 2022-23లో కూడా 16 జట్లు అహ్మదాబాద్‌లోనే నెల లోపు ముగించేశాయి, మిగతా ఏడాదంతా ఆ పిల్లలు ఏం చెయ్యాలి చెప్పండి? 2023-24లో సొంత ఊళ్ళో ఒక మ్యాచ్, అవతలోళ్ళ ఊళ్ళో ఒక మ్యాచ్ పద్ధతి వచ్చింది, పైన జట్లు తగ్గించి కింద ఐడబ్ల్యూఎల్ 2 పెట్టారు. మొదటి ఏడాది కోల్‌కతా శ్రీభూమి, ఒడిశా నీతా అకాడమీ పైకెళ్ళాయి, తర్వాతేడు ఢిల్లీ గఢ్వాల్ యునైటెడ్, గోవా సెసా. అంటే ఎక్కడో చిన్న క్లబ్బు కూడా ఆడి గెలిచి పైకి ఎక్కొచ్చు, ఇదివరకు ఆ మెట్టే లేదు. పై లీగులో ప్రతి జట్టూ కనీసం పదిమంది మన దేశం అమ్మాయిలకి ఏడాదికి 3.2 లక్షలకి తగ్గకుండా కాంట్రాక్ట్ ఇవ్వాలని 2023లో దేశ ఫుట్‌బాల్ సంఘం ఏఐఎఫ్ఎఫ్ నిర్ణయించింది కూడా.

భీమవరం పీఈటీ మేడం:
మెట్టు ఉంది సరే తమ్ముడూ, ఆ మెట్టు దాకా వెళ్ళడానికి కింద ఏముంది? నేను ఇదివరకు పనిచేసిన ఒక స్కూల్లో అమ్మాయిల ప్రాక్టీస్ టైం అబ్బాయిల క్రికెట్‌కి ఇచ్చేశారు. నేను పిల్లల్ని కాలవ గట్టు మీదకి తీసుకెళ్ళి పాసింగ్ చేయించేదాన్ని, బంతి నీళ్ళలో పడిందంటే ఇద్దరు పిల్లలు గట్టెంట లాకుల దాకా పరిగెత్తి పట్టుకొచ్చేవాళ్ళు, అదే మా ఫిట్‌నెస్ ట్రైనింగ్ అయిపోయింది. మన డెల్టా నేలేమో వానాకాలం అంతా బురదే, గ్రౌండ్ ఆరేసరికి సగం ఏడాది పోతది. జిల్లాలో నాలుగైదు టీములతో రెండు నెలలు వారం వారం మ్యాచ్‌లు పెడితే చాలు, ఆ పిల్లలు ఎదుగుతారు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్) సెలక్షన్‌కి ముందు వారం రోజులు ఆడితే ఏమొస్తది. ఇంగ్లాండులో కూడా పై లీగ్ 2011లో వచ్చింది, దాని కింద రెండోది రావడానికి 2014 దాకా పట్టింది, వాళ్ళకే అంత టైం పడితే మనం ఇప్పుడే మొదలెట్టాలి కదా.

తణుకు అక్క:
మేడం చెప్పింది నిజం. రాజోలు అన్నయ్యా, పాపని మాత్రం ఆపకండి. నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోత్, మన తెలుగు పిల్లే, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి వెళ్ళింది, ఈస్ట్ బెంగాల్‌తో 2024-25 ఐడబ్ల్యూఎల్ గెలిచింది, ఆ ఏడాది ఏఐఎఫ్ఎఫ్ బెస్ట్ ప్లేయర్ కూడా తనే. పాప వయసుకి ఖేలో ఇండియా అస్మిత పేరుతో అండర్-13 లీగులు ఉంటాయి, మన జిల్లా అసోసియేషన్ వాళ్ళని అడగండి. ముందు ఏదో ఒక క్లబ్బులో చేర్చి సీఆర్ఎస్‌లో (ఏఐఎఫ్ఎఫ్ వాళ్ళ ఆన్‌లైన్ ఆటగాళ్ళ నమోదు) రిజిస్ట్రేషన్ చేయించండి, అది లేకపోతే రేపు ఏఐఎఫ్ఎఫ్ లీగుల్లో ఆడనివ్వరు.

రాజోలు నాన్న:
చాలా థాంక్స్ అండి, మీ మాటలన్నీ మా ఇంట్లో చదివి వినిపించాను. బావమరిది ఇంకేం అనలేదు. మేడం, మీరు ఆదివారం పొద్దున్న ప్రాక్టీస్ పెడితే చించినాడ వంతెన దాటి బండి మీద తీసుకొస్తాను. పాపకి 4 నంబర్ స్టడ్స్ షూ కావాలి, భీమవరంలో దొరుకుతాయా, రాజమండ్రి వెళ్ళాలా?