కృప అపరిమితమైతే ఆదివారం ఆరాధనలో పాపపు ఒప్పుకోలు ఎందుకు? తీసేయొచ్చా?

పాకాల రీడర్:
చిత్తూరు వైపు కొన్ని సంఘాల్లో ఈ వాదన గట్టిగా వినిపిస్తోంది. క్రీస్తులో మన అపరాధాలన్నీ క్షమించబడ్డాయి (కొలొస్సీ 2:13). మరి ప్రతి వారం "మేము పాపులము" అని చదివించడం కృపను తక్కువ చెయ్యడం కాదా, ఆ భాగం ఆరాధన క్రమంలోంచి తీసెయ్యండి అంటున్నారు. ఉంచాలా, తీసెయ్యాలా? ఉంచితే ఎలా? "తాతల కాలం నుంచి ఉంది" అనే జవాబు వద్దు, వాక్యం చూపించండి.

కృపాబాహుళ్యం 517:
తీసెయ్యాలి. రోమా 5:17లో కృపాబాహుళ్యాన్ని "పొందువారు" ఏలుదురు అని ఉంది, సంపాదించుకునేవారు అని లేదు. పౌలు పత్రికలన్నీ తిరగేయండి, క్షమాపణ కోసం పాపాలు ఒప్పుకోండి అని విశ్వాసులకు ఒక్క ఆజ్ఞ కనబడదు. మీ ఆధారమంతా 1 యోహాను 1:9. దాని ముందు 8, వెనక 10 చూడండి: "మాకు పాపం లేదు" అనేవాళ్లకు చెప్పిన మాట అది, రక్షణ పొందినవాళ్లకు కాదు.

ప్రశ్న 64:
517 బ్రదర్, 10 దగ్గర ఆగిపోయారు. ఆ తర్వాతి మాటే "నా చిన్నపిల్లలారా" (2:1). బయటివాళ్లని అలా పిలవరు. పైగా 1:9లో "మనము" అంటూ యోహాను తనను కూడా కలుపుకున్నాడు, గ్రీకులో "ఒప్పుకొను" అనే క్రియ జరుగుతూ ఉండే పనిని చెప్పే రూపంలో ఉంది. ప్రభువు ప్రార్థనలో అనుదినాహారం పక్కనే "మా ఋణములు క్షమించుము" ఉంది. అన్నం రోజూ అడుగుతూ రెండోది ఒక్కసారికి చాలంటారా?

బాహుళ్యం విషయంలో మాత్రం మీతోనే ఉన్నాను. రోమా 5:20లో పాపానికి పౌలు వాడిన క్రియ ప్లెయొనాజో, అంటే ఎక్కువవడం. కృపకు వాడింది హుపెర్‌పెరిస్సెవో. కొత్త నిబంధన మొత్తంలో ఇది రెండే చోట్ల వస్తుంది, రెండోది 2 కొరింథీ 7:4. తెలుగులో రెంటికీ "విస్తరించెను" అనే పడింది, తేడా అంతా "అపరిమితముగా" ఒక్కటే మోస్తోంది. మన చెరువుల భాషలో చెప్పాలంటే చెరువు నిండడం వేరు, మరవ పారడం (నిండి పొర్లిపోవడం) వేరు. పౌలు చెప్పేది మరవ పారే సంగతి. ఒప్పుకోలంటే చెరువులో బిందెతో నీళ్లు పొయ్యడం కాదు, తూము కింద కాలువలో పూడిక తియ్యడం.

స్వర్ణముఖి ఒడ్డు:
అన్నా, పూడిక నేను తీస్తేనే నీళ్లు వస్తాయంటే చివరికి నన్ను రక్షించింది నా పారే కదా. 517 గారి భయం సరిగ్గా ఇదే.

ప్రశ్న 64:
ఒప్పుకున్నాను, ఉపమానం అక్కడ తెగింది. పార పట్టాలనే మనసు పుట్టించేది కూడా ఆయనే (ఫిలిప్పీ 2:13). కాలువ వదిలేద్దాం. అసలు చిక్కు మన "ఒప్పుకొనినయెడల"లో ఉంది. "యెడల" అనగానే చెవికి బేరంలా తగులుతుంది. "తలుపు తీసినయెడల వెలుతురు వచ్చును" అన్నా "యెడల"నే, కానీ తలుపు తీసినందుకు ఎవరూ సూర్యుడికి బాడుగ కట్టినట్టు కాదు. షరతు ఉన్నచోటల్లా ధర ఉండదు.

అంతా ఎప్పుడో అయిపోయిందనడానికి చూపించే హెబ్రీ 10:14 కూడా చివరిదాకా చదవాలి. "సంపూర్ణులుగా చేసియున్నాడు" అయిపోయిన పని. "పరిశుద్ధపరచబడువారిని" ఇంకా జరుగుతున్న పని. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

ఇంకొకటి. చిత్తూరు ప్రాంతంలో ఆర్కాట్ మిషన్ (అమెరికా మిషనరీలది) నాటిన సంఘాల వెనక ఉన్నది రిఫార్మ్‌డ్ (కాల్విన్ బాటలోని ప్రొటెస్టెంట్) సంప్రదాయం. వాళ్ల హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి (1563)లో 64వ ప్రశ్న అచ్చంగా ఇదే: కృపవల్లే రక్షణ అనే ఈ బోధ మనుషుల్ని అజాగ్రత్తపరుల్ని చెయ్యదా? క్రీస్తులో అంటుకట్టబడినవాళ్లు కృతజ్ఞతా ఫలాలు ఇవ్వకపోవడం అసాధ్యమని జవాబు. అదే పుస్తకం 126వ ప్రశ్నలో "మా ఋణములు క్షమించుము" అని అడగడం కూడా నేర్పుతుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని వాళ్లకు తోచలేదు.

తిరుపతి లూథరన్:
తీసెయ్యాలనే కోపం ఎందుకొస్తుందో నాకు తెలుసు. చాలాచోట్ల ఒప్పుకోలు సగమే జరుగుతోంది. లూథర్ చిన్న ప్రశ్నోత్తరి (1529) ప్రకారం ఒప్పుకోలుకు రెండు భాగాలు: మనం ఒప్పుకోవడం, క్షమాపణ మాట వినడం. మొదటిది ఏడు నిమిషాలు సాగదీసి, రెండోది మింగేసి పాట ఎత్తుకుంటారు. జనం ఇంటికి మోసుకెళ్లేది మొదటి సగమే.

మొత్తం నాలుగైదు నిమిషాలు చాలు. ముందు పిలుపు వాక్యం ఒక్కటి చదవండి. తర్వాత నిశ్శబ్దం, గడియారం చూసి ఒక నిమిషం. కీబోర్డు తమ్ముడిని ఆ నిమిషం చేతులు తీసెయ్యమనండి. ఆనక అందరూ కలిసి ఒప్పుకోలు చదవాలి. వెంటనే అయ్యగారు జనం వైపు తిరిగి, కళ్లు తెరిచి, క్షమాపణ ప్రకటన చెప్పాలి.

ఎక్కువగా చెడేది ఆ చివరి మెట్టులోనే. "నిజంగా పశ్చాత్తాపపడితే, మనస్ఫూర్తిగా విడిచిపెడితే" అని షరతుల మీద షరతులు తగిలిస్తారు. వినేవాడి చూపు సిలువ మీద నుంచి జారి తన పశ్చాత్తాపం ఎన్ని మార్కులదో లెక్కపెట్టడంలో పడుతుంది. ఇంకో పొరపాటు ఒప్పుకోలును కానుకల ముందు పెట్టడం. అలా పెడితే సంచీలో వేసిన నోటుతో రసీదు తెగినట్టు ఉంటుంది. ఇక ఒప్పుకోలు ప్రార్థనలో పేరు చెప్పకుండా ఎవరినో తిట్టడం గురించి నేను రాయక్కర్లేదు.

లిస్టు కూడా అక్కర్లేదు. ఏమీ గుర్తురాకపోతే పాపాలు వెతికి కల్పించుకోవద్దని లూథరే అన్నాడు. అన్నీ ఏకరువు పెట్టడం సాధ్యం కాదని మా లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన (1530) 11వ అధికరణం చెబుతుంది. "తన పొరపాటులు కనుగొనగలవాడెవడు?" (కీర్తన 19:12).

ఆర్‌సీ చదువరి:
మా రోమన్ కేథలిక్ సంఘంలో అలా కాదండి. గుర్తున్న చావైన పాపాలను (అంటే ఘోర పాపాలను) గురువుకు విడివిడిగా చెప్పాలని మా సంఘపు ట్రెంట్ మహాసభ 1551లో తేల్చింది. అయితే అక్కడ కూడా విశ్వాసి వినాల్సిన మాట క్షమాపణ మాటే. అది మింగేస్తే ఏ సంఘంలోనైనా నష్టమే.

పాకాల రీడర్:
ప్రభురాత్రి భోజన సంస్కారం రోజు ఒప్పుకోలు విని భయపడి బల్ల దగ్గరికి రాకుండా కూర్చునేవాళ్లు ఉన్నారు. వాళ్లకేం చెప్పాలి?

తిరుపతి లూథరన్:
1 కొరింథీ 11:28 పూర్తిగా చదివించండి. "తన్ను తాను పరీక్షించుకొనవలెను" తర్వాత ఉన్నది "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని". "మానుకొని" అని లేదు. అక్కడ పౌలు కోప్పడింది పేదవాళ్ల కోసం ఆగకుండా ముందే తినేసిన వాళ్ల మీద, వణుకుతూ వచ్చేవాళ్ల మీద కాదు.

కృపాబాహుళ్యం 517:
తీసెయ్యాలన్న మాట వెనక్కి తీసుకుంటాను, సగం మాత్రమే. వరస తిప్పండి: క్షమాపణ ప్రకటన ముందు, ఒప్పుకోలు తర్వాత. మారుమనస్సుకు నడిపేది దేవుని అనుగ్రహమే కదా (రోమా 2:4).

తిరుపతి లూథరన్:
తిప్పితే జనం చెవిలో ఆఖరున మిగిలేది వాళ్ల మాటే అవుతుంది బ్రదర్. పిలుపు వాక్యంగా హెబ్రీ 4:16 పెట్టండి, మీరడిగిన కృప ముందే వినబడుతుంది. ప్రకటన మాత్రం చివర్లోనే ఉండనివ్వండి.

కృపాబాహుళ్యం 517:
4:16కి సరే. "మేము పాపులము" బదులు "మేము పాపము చేసితిమి" అని మార్చే సంగతి ఇంకా తేలలేదు. దానికి వేరే చర్చ మొదలుపెడుతున్నాను.