చర్చ: కాథరీన్ దెనూవ్ గొప్ప నటేనా, అందమే అంతానా?

గోదారిగట్టు: నిన్న రాత్రి ఫ్రెంచ్ సినిమా 'అంబ్రెల్లాస్ ఆఫ్ షెర్బూర్' (1964) మళ్ళీ చూశాను. సినిమాలో మామూలు మాట ఒక్కటి ఉండదు, గ్యారేజీలో కబుర్లు కూడా పాటే. విడుదల నాటికి హీరోయిన్ దెనూవ్‌కి ఇరవై ఏళ్ళు. ప్రియుడు అల్జీరియా యుద్ధానికి రైలెక్కే సీన్‌లో ఆ గొంతులో వణుకు ఒక్కటి చాలు, ఎంత నటో చెప్పడానికి. ఆవిడది మంచు ముఖం అనేవాళ్ళు రండి, మాట్లాడుకుందాం.

డబ్బింగ్‌గది: ఆ గొంతు ఆవిడది కాదండీ. గాయని దానియెల్ లికారిది.

గోదారిగట్టు: పాటల సంగతి తెలుసు. నేనంటున్నది నటన గురించి.

డబ్బింగ్‌గది: సినిమా అంతా పాటే అని మీరే రాశారు. మరి వణుకు ఎవరిది?

పాతరీలు: 2018లో మీటూ అతి అయిందంటూ లె మోంద్ పత్రికలో వచ్చిన వంద మంది ఆడవాళ్ళ లేఖలో సంతకం పెట్టింది ఈవిడే కదా. ఆ మాట ఎవరూ ఎత్తరేం?

గోదారిగట్టు: దానికి వేరే చర్చ పెట్టండి. పెడితే ఆ లేఖ వల్ల నొచ్చుకున్న బాధితులకు ఆవిడ క్షమాపణ చెప్పిందని కూడా రాయండి. 1971 కూడా కలపండి. అబార్షన్ నేరమైన రోజుల్లో 'నేనూ చేయించుకున్నాను' అని ప్రకటించిన 343 మందిలో ఆవిడ ఒకరు.
డబ్బింగ్‌గది గారూ, సావిత్రికి సుశీల గారు పాడితే సావిత్రి తగ్గిపోయిందా? 'రిపల్షన్' (1965) చూడండి. మాటలే తక్కువ, అంతా కళ్ళతోనే. ఆఖరికి 'ఇండోషీన్'కి ఆస్కార్ నామినేషన్ కూడా గొంతు అరువు తెచ్చుకునే వచ్చిందంటారా?

డబ్బింగ్‌గది: సుశీల గారి పేరు మీకు తెలుసు. లికారి పేరు నేను చెప్పేదాకా మీ పోస్టులో ఉందా?

సిరి: సబ్‌టైటిల్స్‌తో ఎక్కడ దొరుకుతుంది ప్లీజ్?

గోదారిగట్టు: ఒక్క ముక్క పట్టుకుని లాగుతున్నారు. అసలు దెనూవ్ మీద మీకేంటి కోపం?

డబ్బింగ్‌గది: దెనూవ్ మీద కాదు, మీ మీద. పదకొండేళ్ళుగా డబ్బింగ్ చెప్తున్నాను. ఒక సినిమాలో హీరోయిన్ ఏడుపు సీన్‌కి ఇరవై టేకులు చెప్పి, రెండు రోజులు గొంతు పోయి ఇంట్లో కూర్చున్నా. రివ్యూల్లో 'ఆ అమ్మాయి గొంతులో ఆర్ద్రత' అని రాశారు. టైటిల్స్‌లో నా పేరు లేదు. మీ పోస్టు చదివితే అదే గుర్తొచ్చింది.

పాతరీలు: అక్కా, '8 ఫెమ్'లో (2002) దెనూవ్ సొంతంగానే పాడింది.

డబ్బింగ్‌గది: పాడనీ తమ్ముడూ, నేనడిగింది అది కాదు.

గోదారిగట్టు: సరే, వణుకు లికారిదే, ఒప్పుకున్నా. కానీ అక్కడ పాటలన్నీ ముందే రికార్డయ్యాయి. షూటింగ్‌లో ఆ టేపు మోగుతుంటే, ఇంకొకరి ఊపిరికి తన ఊపిరి కలిపి, అందులోనే ఏడవాలి. అది నటన కాదంటే మాత్రం ఒప్పుకోను.

డబ్బింగ్‌గది: కాదని ఎప్పుడన్నాను? నేను రోజూ చేసేది దానికి తిరగేసిన పని. ఆవిడ గొంతుకి పెదవి కలిపింది, నేను పెదవికి గొంతు కలుపుతా. మొదటి పోస్టులో లికారి పేరు చేర్చండి చాలు.

గోదారిగట్టు: ఎడిట్ బటన్ పోయిందండీ, ఇరవై నాలుగు గంటలు దాటాయి.

డబ్బింగ్‌గది: చూశారా!