ప్రైవేటు కంపెనీ ఎండీ ఎమ్మెల్యేగా నిలబడాలంటే ముందే పదవి వదలాలా?

కృష్ణాతీరం (ప్రశ్న):
ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఎండీ అసెంబ్లీకి పోటీ చేయాలంటే నామినేషన్‌కి ముందే రాజీనామా చేయాలా? కంపెనీ చేతిలో రాష్ట్ర ప్రభుత్వ పనులున్నాయి, పాత బిల్లులూ రావాలి. గల్లా జయదేవ్ ఎంపీగా ఉంటూనే కంపెనీ చూసుకున్నారు కదా, ఎమ్మెల్యేకి రూలు వేరా?

లెక్కల మాస్టారు:
రాజీనామా అక్కర్లేదండీ. పోటీకి అడ్డొచ్చేది లాభదాయక పదవి, అంటే ప్రభుత్వం కింద ఉండే పదవి. ప్రైవేటు కంపెనీ ఎండీ పదవి అందులోకి రాదు. ప్రభుత్వానికి 25 శాతం, అంతకు మించి వాటా ఉన్న కంపెనీలో మేనేజరో సెక్రటరీయో అయితే ప్రజాప్రాతినిధ్య చట్టం (1951) సెక్షన్ 10 అడ్డొస్తుంది. సహకార సంఘాలకు అది వర్తించదు.

మీ కేసులో తిరకాసంతా అదే చట్టంలోని సెక్షన్ 9ఏ దగ్గరే. తన వ్యాపారంలో భాగంగా ప్రభుత్వానికి సరకు సరఫరా చేయడానికో, పనులు చేయడానికో అభ్యర్థి కుదుర్చుకున్న కాంట్రాక్టు అమల్లో ఉంటే అనర్హుడే. కాంట్రాక్టు కంపెనీ పేరున ఉంటే అది కంపెనీదే, చట్టం దృష్టిలో కంపెనీ వేరే వ్యక్తి. సొంత పేరుతోనో భాగస్వామ్య సంస్థగానో తీసుకున్న పని మాత్రం నెత్తిమీదికొస్తుంది. అందుకే అగ్రిమెంటు మొదటి పేజీలో ఎవరి పేరుందో ముందు చూడండి. సొంత పేరుతో తీసుకున్న పాత పని ఒక్కటి మిగిలినా ప్రత్యర్థి లాయరు నామినేషన్ల పరిశీలన (స్క్రూటినీ)లో అదే పట్టుకుంటాడు.

బిల్లుల గురించి భయం వద్దు. పని మొత్తం పూర్తయి, ప్రభుత్వం డబ్బు ఇవ్వడమే మిగిలితే కాంట్రాక్టు అమల్లో ఉన్నట్టు కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. పని కొంత మిగిలినా ఆ వెసులుబాటు దొరకదు.

ఇంకోటి, ఎంపీ అభ్యర్థికి చూసేది కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టులు, ఎమ్మెల్యే అభ్యర్థికి రాష్ట్రానివి. ఇది తెలియక చాలామంది అనవసరంగా కంగారు పడతారు.

పాత ఫైలు:
జయదేవ్ గారి సంగతికొస్తే, ఆయన అమెరికాలో చదివి, అక్కడ జీఎన్‌బీ బ్యాటరీ కంపెనీలో సేల్స్‌లో పనిచేసి, తర్వాత కుటుంబ బ్యాటరీ కంపెనీ అమరరాజాలోకి వచ్చారు. తల్లి అరుణకుమారి మంత్రిగా చేశారు, తాత పాటూరి రాజగోపాలనాయుడు ఎంపీ. అంటే రాజకీయం ఇంట్లోనే ఉంది. 2014లో, 2019లో టీడీపీ నుంచి గుంటూరు ఎంపీ. రెండోసారి నాలుగు వేల పైచిలుకు ఓట్లతోనే గట్టెక్కారు. 2021లో కంపెనీ చైర్మన్ అయ్యారు. అదే ఏడాది ఏప్రిల్ ఆఖర్లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఫ్యాక్టరీలు మూసేయమని ఉత్తర్వులిస్తే, హైకోర్టు వాటి అమలును నిలిపేసింది. 2024 జనవరిలో రాజకీయాల నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించారు. చట్టం రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దనదు. అనుమతులన్నీ ప్రభుత్వం చేతిలో ఉన్న పరిశ్రమ అయినప్పుడు ఆ కష్టం వేరు, అది ఏ సెక్షన్‌లోనూ రాసి ఉండదు.

మంత్రి అయితే మాత్రం కథ మారుతుంది. మంత్రుల ప్రవర్తనా నియమావళి ప్రకారం వ్యాపార నిర్వహణతో సంబంధాలన్నీ తెంచుకోవాలి. వాటాలు మామూలుగా ఉంచుకోవచ్చు గానీ, ప్రధానంగా ప్రభుత్వ లైసెన్సులు, పర్మిట్ల మీద నడిచే వ్యాపారమైతే వాటినీ వదులుకోవాలి.

కృష్ణాతీరం:
ధన్యవాదాలు. అఫిడవిట్‌లో కంపెనీ కాంట్రాక్టులు రాయాలా మరి?

నామినేషన్ బల్ల:
రాయాలి. ఆ అఫిడవిట్ నమూనా ఫారం 26లో అభ్యర్థి, జీవిత భాగస్వామి, ఆధారపడినవారి కాంట్రాక్టులతో పాటు, వారిలో ఎవరికైనా వాటా ఉన్న ప్రైవేటు కంపెనీల కాంట్రాక్టులకూ గడి ఉంది. అనర్హత లేకపోయినా వెల్లడించడం తప్పదు. ఐటీ రిటర్నుల్లో చూపిన 5 ఏళ్ల ఆదాయం కూడా అడుగుతారు. ఏ గడీ ఖాళీగా వదలొద్దు, ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయండి. ఖాళీలుంటే ఆర్వో (రిటర్నింగ్ అధికారి) నోటీసిస్తారు, అప్పటికీ నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు.

డిపాజిట్ 10,000, ఎస్సీ ఎస్టీలకు సగం. ఎన్నికల ఖర్చుకి ప్రత్యేక బ్యాంకు ఖాతా కనీసం నామినేషన్‌కి ముందు రోజుకైనా తెరిచి ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో అసెంబ్లీ ఖర్చు పరిమితి 40 లక్షలు. కంపెనీ వాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. ఆఫీసు కార్లు ప్రచారానికి తిప్పి, ‘అద్దె కట్టలేదుగా’ అని లెక్కలో చూపరు. పరిశీలకులు జిల్లా రేట్ల పట్టిక ప్రకారం అద్దె లెక్కగట్టి ఖర్చులో వేస్తారు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 10ఏ కింద 3 ఏళ్ల అనర్హత, గెలిచినా ఓడినా.